గెడ్డ దాటితే నాది కాదు

జిల్లాలను మళ్లీ విడగొట్టడానికి మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను విజయనగరం జిల్లా తూర్పు అంచున ఉన్న ఒక చిన్న పట్టణానికి ట్రాఫిక్ ఎస్సైగా వేశారు. ఆ ఊరి పేరు రాయను. నాతో పనిచేసిన వాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు, నా తప్పుకి వాళ్లెందుకు తలదించుకోవాలి? కానిస్టేబుల్‌గా చేరి, హెడ్‌ కానిస్టేబుల్, ఏఎస్సై మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, యాభై దాటాక భుజం మీద రెండు నక్షత్రాలు పెట్టుకున్నవాణ్ణి. అలాంటివాడికి అధికారం కొత్తగా కుట్టించిన చొక్కాలా ఉంటుంది. మాటిమాటికీ సవరించుకుంటాడు. ఆ రోజుల్లో నేనూ అంతే.

ఊరికి తూర్పున ఒక గెడ్డ పారేది. మా వైపు వాగుని గెడ్డ అంటాం. దాని మీద పాతకాలపు ఇరుకు వంతెన. వంతెనకి ఇవతల మున్సిపాలిటీ, మా స్టేషన్, మా జిల్లా. అవతల అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, వేరే స్టేషన్. ఆ స్టేషన్ అక్కడికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది, వాళ్ల జీపు గెడ్డ వైపు రావడం నేను ఎన్నడూ చూడలేదు. వంతెన చివర ఒక హద్దు రాయి ఉండేది. ఆ రాయిని అడ్డం పెట్టుకుని నేను చేసిన పని గురించి, దానివల్ల పోయిన ఒక మనిషి గురించి రాస్తున్నాను.

ముందు చట్టం చెప్పాలి. పోలీసు పరిధి అనగానే చాలామంది అది గోడ అనుకుంటారు. అది గోడ కాదు. కేసు ఏ స్టేషన్‌లో నమోదు కావాలి, ఎవరు దర్యాప్తు చేయాలి, ఏ కోర్టుకి వెళ్లాలి అన్నవాటికి హద్దులున్న మాట నిజమే. కానీ వాహనాన్ని ఆపి కాగితాలు అడిగే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. ఏ వంతెనకి ఇవతల అని అందులో రాయలేదు. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం చేసినవాడు పారిపోతే, దేశంలో ఎక్కడికైనా తరుముకుంటూ వెళ్లవచ్చు. హద్దు అవతల ఏదైనా ఆపవలసి వస్తే ఆపి, అక్కడి స్టేషన్‌కి కబురుపెట్టి, కాగితాలు వాళ్లకి అప్పగిస్తే చాలు. ఇదంతా నాకు తెలియక కాదు. డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి పైకొచ్చినవాణ్ణి, సెక్షన్ల నంబర్లు నోటికి వచ్చేవి.

తెలుసని చెప్పడానికి సాక్ష్యం కూడా ఉంది. నేను చేరిన మూడో వారంలో ఒక కుర్రాడు మోటార్‌ సైకిల్‌ మీద సెంటర్‌లో సిగ్నల్ దాటేసి, నేను పెట్టిన ప్లాస్టిక్ కోన్‌ని గుద్ది, చెయ్యెత్తిన నన్ను చూసి "సాల్లే, ముసిలోడా" అని వెళ్లిపోయాడు. బజారంతా విన్నది. నేను జీపెక్కి వాడి వెనక పడ్డాను. వంతెన దాటాను, హద్దు రాయి దాటాను, అవతలి జిల్లాలో ఏడు కిలోమీటర్లు వెళ్లి ఒక టీ కొట్టు దగ్గర వాణ్ణి పట్టుకుని బండితో సహా తీసుకొచ్చాను. ఆ సాయంత్రం అవతలి ఎస్సై ఫోన్ చేశాడు. నా కొడుకు వయసువాడు. మా లిమిట్స్‌లోకి వచ్చేముందు ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదండీ అని మర్యాదగానే అన్నాడు. నేను అతనికి సెక్షన్లన్నీ వరసగా అప్పజెప్పాను. స్టేషన్‌లో అందరూ వింటుండగా, కావాలనే గొంతు పెంచి. ఫోన్ పెట్టేశాక ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్లు మెచ్చుకోలుగా నవ్వారు. నా పక్కనే నిలబడ్డ హెడ్‌ కానిస్టేబుల్ అప్పన్న మాత్రం నవ్వలేదు. పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉండే మనిషి, పాతికేళ్లు అదే పట్టణంలో పాయింట్ డ్యూటీ చేసినవాడు. ఆ రోజు అతని మొహం నేను పట్టించుకోలేదు.

జూలైలో వానలు పడ్డాయి, ఉభాలు మొదలయ్యాయి. మిగతా జిల్లాల వాళ్లు వరినాట్లు అంటారు, మాకవి ఉభాలు. పట్టణం చివరి కాలనీ నుంచి ఆడకూలీలు గెడ్డ అవతలి పల్లెలకి ఆటోల్లో వెళ్లేవారు. డ్రైవరు కాక ఆరుగురు ఎక్కాల్సిన బండిలో పద్నాలుగు మంది. లోపల ఒకరి ఒళ్లో ఒకరు, డ్రైవరుకి చెరో పక్కా ఒకరు, వెనక సామాన్ల చెక్క మీద కాళ్లు బయటికి వేలాడేసుకుని ఇద్దరు. ప్రతి నెలా జిల్లా ఆఫీసులో సమీక్ష జరిగేది. ఎవరి పరిధిలో ఎన్ని ప్రమాదాలు, ఎందరు పోయారు అని స్టేషన్లవారీగా అడిగేవారు. జూన్ లెక్కల మీద జూలై మొదట్లో జరిగిన సమావేశంలో నన్ను లేపి నిలబెట్టారు. తిరిగి వస్తూ దారిపొడవునా ఒకటే అనుకున్నాను, వచ్చే నెల ప్రమాదాల పట్టికలో నా గడిలో సున్నా ఉండాలి.

మర్నాడే ఆటోవాళ్లందరినీ పిలిచి, పట్టణం హద్దులో ఆరుగురికి మించి ఒక్కరు కనిపించినా బండి స్టేషన్‌కి పోతుందని చెప్పాను. అందులో సింహాచలం అనే డ్రైవరు, నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు, చేతులు కట్టుకుని అడిగాడు. రెండు ట్రిప్పులు వెయ్యాలంటే రెండో జట్టు పొలం చేరేసరికి ఎండెక్కుతుందని, రైతు ఊరుకోడని, ఏదైనా దారి చెప్పమని. నేను చెప్పిన దారి ఇది. బండిని ఖాళీగా వంతెన దాటించు. ఆడవాళ్లని నడిచి దాటమను. హద్దు రాయి అవతల ఎంతమందిని ఎక్కించుకుంటావో నీ ఇష్టం, అది నాకు సంబంధం లేదు.

ఇంత తెలివైన ఏర్పాటు చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. అయినా అదే నిజం.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్న ఆరింటికి వంతెన ఇవతలి కొసన నేనూ అప్పన్నా నిలబడేవాళ్లం. బండి ఖాళీగా వెళ్లేది, దాని వెనకే పద్నాలుగు మంది ఆడవాళ్లు, చేతుల్లో క్యారియర్లు, చంకల్లో వాన కోసం మడిచిన ప్లాస్టిక్ గోనెలు, వరసగా నడిచేవారు. అవతల బండి ఆగేది. మా కళ్ల ముందే, నలభై అడుగులు కూడా లేని దూరంలో, అందరూ ఎక్కేవారు. నేను వాచీ చూసుకుని, పాయింట్ బుక్‌లో ఓవర్‌లోడ్ లేదని రాసేవాణ్ణి. ఎవరు ఏ పాయింట్‌లో ఎప్పుడున్నారో రాసే పుస్తకం అది. అందులో నేను రాసిన ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

ఆ జట్టుకి పెద్ద పైడమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఏ రైతు పొలానికి ఎప్పుడెళ్లాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే చెప్పేది. ఆవిడ తోటికోడలు గౌరి బాగా చిన్నది, ముప్పై కూడా ఉండవు. పెద్దవాళ్లకి లోపల చోటిచ్చి రోజూ వెనక చెక్క మీద తనే కూర్చునేది. బండి కదిలాక మా వైపే చూస్తూ వెళ్లేది కాబట్టి ఆ మొహం నాకు బాగా గుర్తు. ఒకరోజు అప్పన్నకి చెయ్యి ఊపింది కూడా. అప్పన్న ఊపలేదు, నేను పక్కనున్నానని.

వారం గడిచాక పైడమ్మ నా ముందు ఆగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"బాబూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. బండి అదే, జనం మేమే. ఈ పక్కన ఎక్కితే తప్పయిందా, ఆ పక్కన ఎక్కితే తప్పు కాదేటి?"

"గెడ్డ దాటితే నాది కాదమ్మా," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. తరవాత ఆ రాయి వైపు చూసింది. "అయితే సరే బాబూ," అని వెళ్లిపోయింది. ఒక పోలీసాఫీసరు చెప్పాడంటే అందులో ఏదో న్యాయం ఉండే ఉంటుందని ఆవిడ నమ్మింది.

జూలై సమీక్షలో నా గడిలో సున్నా ఉంది. ఎవరూ పొగడలేదు కానీ ఎవరూ లేపి నిలబెట్టలేదు. మా ఉద్యోగంలో దాన్ని పొగడ్త కిందే వేసుకోవాలి.

ఆగస్టులో ఒక రోజు. ముందు రోజంతా వాన కురిసి, రోడ్డు అంచులు నాని మెత్తబడి ఉన్నాయి. ఆరున్నర దాటింది. ఆడవాళ్లు వంతెన దాటారు, బండెక్కారు, బండి కదిలింది. గౌరి ఎప్పటిలాగే వెనక చెక్క మీద ఉంది. ముందు చిన్న మలుపుంది. అవతల నుంచి ఇసుక ట్రాక్టరు వస్తోంది. సింహాచలం దారి ఇవ్వడానికి ఎడమకి తీశాడు. చక్రం మెత్తటి అంచులో దిగింది. బరువంతా ఒక పక్కకి పడి, బండి మెల్లగా, ఏదో ఆలోచించుకుంటున్నట్టుగా ఒరిగి, పొలం కాలువలోకి బోల్తా పడింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ తరవాత నేను చేసినవి వరసలో రాస్తాను. అప్పన్న లాఠీ అక్కడే పారేసి వంతెన మీదుగా పరుగెత్తాడు. నేను ఫోన్ తీశాను. మొదటి ఫోన్ అంబులెన్సుకి చెయ్యలేదు, అవతలి స్టేషన్‌కి చేశాను. ఎవరి లిమిట్స్ అని అడిగారు. మీవే అన్నాను. హద్దు రాయి ఎటుందో, మలుపు ఎటుందో వివరించాను. అప్పుడు అంబులెన్సుకి చేశాను. అది అవతలి మండలం నుంచి రావాలన్నారు. అప్పుడు జేబులోంచి పుస్తకం తీసి టైము రాసుకున్నాను. నా పక్కనే జీపు ఉంది, తాళం దానికే ఉంది. కాలనీ నుంచి వస్తున్న ఇద్దరు మగవాళ్లు నన్ను దాటుకుని పరుగెత్తారు. ఇదంతా నాలుగు నిమిషాలు. ఎలా తెలుసంటే, నేనే టైము రాసుకున్నాను కదా.

నేను జీపు తీసుకుని వెళ్లేసరికి అప్పన్నా, ట్రాక్టరు మనుషులూ కలిసి ఆటోని పైకెత్తారు. దాని కింద గౌరి ఉంది. పైడమ్మ కాలువ గట్టు మీద పడి ఉంది, కాలు తొడ దగ్గర తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. నన్ను చూసి నొప్పి గురించి చెప్పలేదు. "గౌరిని సూడు బాబూ, గౌరిని సూడు," అంది.

మా పట్టణంలో ఆసుపత్రి కిలోమీటరున్నర దూరం. గాయపడ్డవాళ్లని అక్కడికి తీసుకెళితే, ఆసుపత్రి నుంచి కబురు ముందు మా స్టేషన్‌కే వస్తుంది. మా పుస్తకంలో ఎక్కుతుంది. తరవాత అవతలికి బదిలీ చేయించుకోవాలి, దానికి ఉత్తర ప్రత్యుత్తరాలు. ఒక మనిషి నా కాళ్ల దగ్గర నెత్తురు మడుగులో ఉంటే నా బుర్రలో తిరుగుతున్నవి ఇవి. అప్పన్న గౌరిని చేతులమీద ఎత్తుకుని జీపు దగ్గర నిలబడ్డాడు.

"బండెక్కించీమంటారా సార్, నేదా?" అన్నాడు.

ఎక్కించమన్నాను. పైడమ్మని కూడా ఎక్కించాం. మిగతావాళ్లవి చిన్న దెబ్బలు. గౌరి ఆసుపత్రి గేటు దగ్గర పోయింది. ఆ నాలుగు నిమిషాలు ముందే బయలుదేరి ఉంటే ఆమె బతికేదా అని నేను ఏ డాక్టర్నీ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

మధ్యాహ్నానికి పై అధికారి ఫోన్ చేసి, స్థలం ఎవరి హద్దులో ఉందో స్కెచ్ వేసి పంపమన్నారు. నేను స్టోర్‌లోంచి టేపు తీసుకుని, అప్పన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. హద్దు రాయి దగ్గర టేపు కొస అతని చేతికిచ్చి నేను మలుపు వైపు నడిచాను. టేపు చాలక చాలాసార్లు గుర్తులు పెట్టుకుని కొలవాల్సి వచ్చింది. రెండు వందల పదిహేను మీటర్లు. రోడ్డు మీద ఇంకా ఒక క్యారియరు మూత పడి ఉంది. అంకె రాసుకుంటూ, రెండోసారి కొలుద్దాం, తేడా రాకూడదు అన్నాను. అప్పన్న టేపు చుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆ బైకోడి ఎనకాతల ఎల్లినప్పుడు టేపు తీసుకెల్లనేదు కదండీ."

పాతికేళ్ల సర్వీసులో అతను పై అధికారితో అన్న ఒకే ఒక్క ఎదురుమాట అదే అయివుంటుంది. నాకు ఒళ్లు మండింది. తప్పు పట్టుబడ్డవాడికి వచ్చే మంట అది. అయినా రెండోసారి కొలిచాం. అదే అంకె వచ్చింది.

పోలీసుల కళ్లెదుటే ఓవర్‌లోడ్ అని స్థానిక పేపర్లో చిన్న వార్త వచ్చింది. దాని మీద నా గురించి ప్రాథమిక విచారణ వేశారు. అంటే క్రమశిక్షణ చర్య తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి ముందు చేసే విచారణ. విచారణాధికారి ఆసుపత్రికి వెళ్లి పైడమ్మ వాంగ్మూలం తీసుకున్నారు. ఆవిడ నన్ను తిడుతుందని భయపడ్డాను. నిజానికి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది. వాంగ్మూలం రాసినాయన ఆవిడ మాటల్ని అలాగే ఉంచాడు. "ఈ పక్కన ఆ బాబు ఎక్కనివ్వనేదు. ఒక్కరోజు కూడా ఎక్కనివ్వనేదు. ఆ పక్కకెల్లినాకే ఎక్కినాం."

ఆ మూడు వాక్యాలే నన్ను కాపాడాయి. సదరు అధికారి తన పరిధిలో నిబంధనలను కచ్చితంగా అమలు చేసినట్లు సాక్షి వాంగ్మూలం ద్వారా రుజువైనందున తదుపరి చర్య అవసరం లేదని నివేదిక వచ్చింది. తోటికోడల్ని పోగొట్టుకుని, తుంటి విరిగి మంచం మీదున్న మనిషి నిజాయితీని నాకు మంచి నడవడి సర్టిఫికెట్టుగా వాడుకున్నారు. నేను వాడుకోనిచ్చాను. ఆ కాగితం అందిన రోజు ఇంటికి వెళ్లి హాయిగా భోజనం చేశాను. మా ఆవిడ చాన్నాళ్లకి కడుపునిండా తిన్నావని కూడా అంది.

అవతలి స్టేషన్‌లో సింహాచలం మీద కేసు కట్టారు. శిక్ష పడింది. ఎక్కడ ఎంతమందిని ఎక్కించుకోవాలో ఫలానా ఎస్సై చెప్పాడని అతను కోర్టులో ఒక్క మాట అనలేదు. బయటికొచ్చాక మళ్లీ మా పట్టణంలోనే బండి నడుపుకోవాలి కదా. నేను సాక్షిగా వెళ్లాను. అడిగినవాటికి సమాధానం చెప్పాను. ఈ ఏర్పాటు ఎవరిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను సాక్షి బోను దిగుతుంటే అతను నాకు నమస్కారం పెట్టాడు.

ఆ ఏడాది మిగిలిన ఉభాల్లో ఏం చేశానని చదివేవాళ్లు అడగవచ్చు. వంతెన దగ్గర పాయింట్ తీసేయించాను. నేను చూడని చోట నాకు బాధ్యత ఉండదని. సంక్షిప్తంగా చెప్పాలంటే, అంతకుముందు చేసిన తప్పునే ఇంకో రూపంలో చేశాను.

తరవాత జిల్లాలు మళ్లీ గీశారు. గెడ్డ అవతలి మండలం మా జిల్లాలో కలిసింది. హద్దు రాయి అక్కడే ఉంది కానీ దానికి ఏ అర్థమూ లేదు, ఎవరో దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. నేను అప్పటికి వేరే చోట పనిచేస్తూ, కొన్నాళ్లకి రిటైరయ్యాను. రిటైరయ్యాకే కాలనీకి వెళ్లాను. సర్వీసులో ఉండగా వెళితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వెళ్లలేదు. ఇలాంటి లెక్కలు నాకు చివరిదాకా పోలేదు.

పైడమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కనే చేతికర్ర. బురదలో నిలబడలేదు కాబట్టి ఉభాలకి వెళ్లడం ఆగిపోయింది. నన్ను వెంటనే పోల్చుకుంది. కుర్చీ తెప్పించింది. లోపలి గది గోడ మీద గౌరి ఫోటో కనపడుతోంది, నేను అటు చూడకుండా కూర్చున్నాను. ఆ రోజు నేను మీ బండిని ఆపి ఉండాల్సింది, ఆపగలిగి ఉండి కూడా ఆపలేదు అని చెప్పాను. ఇంటి దగ్గర ఎన్నోసార్లు అనుకుని వెళ్లిన మాటలే. ఆవిడ గింజలు తీయడం ఆపలేదు. తీస్తూనే అడిగింది.

"ఇప్పుడు ఆ పక్క కూడా మీదే అయిపోనాదట కదా బాబూ?"

వెటకారమేమీ లేదు. మొదటిసారి వంతెన మీద అడిగినట్టే, తెలుసుకోవాలని అడిగింది. నేను అవునని చెప్పి లేచి వచ్చేశాను.

కొత్తగా ట్రాఫిక్‌లో చేరే పిల్లల ట్రైనింగ్‌కి అప్పుడప్పుడు నన్ను పిలిచి, పరిధి గురించి చెప్పమంటారు. సెక్షన్లు చెబుతాను, ఎక్కడ నమోదు చేయాలో, ఎక్కడికి పంపాలో చెబుతాను. తరవాత ఈ సంగతి, ఊరి పేరు తీసేసి, చెబుతాను. అవతల కదలబోతున్న బండిని ఆపడానికి ఆ రోజు నాకు కావలసినవి రెండే, ఒంటిమీద యూనిఫాం, ఎత్తడానికి ఒక చెయ్యి. అవి రెండూ ఆ పొద్దున్న నా దగ్గరే ఉన్నాయి.